గోడ కాళ్ల కింది మట్టి

1990 డిసెంబరులో మేం సుచిత్రకు వచ్చినం. తూప్రాన్ దిక్కు పల్లె మాది. నాగపూర్ రోడ్డు మీద బస్సెక్కితే మేడ్చల్, కొంపల్లి దాటినాక సుచిత్ర. ఇప్పుడు ఆ రోడ్డును 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నరు. అప్పుడు 7వ నంబరు. కొంపల్లి వైపు ద్రాక్ష తోటలు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. నడుమ ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతిన ఎర్రమట్టి నేల. ఆ నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి కొత్త ఇళ్లు లేస్తున్నయి.

మా తాత లంద గుంతలు తవ్వినోడు. తోలును సున్నంల నానేసి, వెంట్రుక తీసి, తంగెడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టే గుంత అది. గుంత కారితే తోలు చెడిపోతది. అందుకే నేల ఎక్కడ నీళ్లు తాగుతదో, ఎక్కడ పట్టి ఉంచుతదో మా తాతకు చేత్తో ముడితేనే తెలిసేది. ఊరిల సావులకు బొందలు తవ్వింది కూడా ఆయనే. అది వెట్టి. లంద పనికి ఇన్ని గింజలన్నా వచ్చేటియి. బొంద పనికి అవీ లేవు. మా నాయిన కాలానికి లంద ఆరిపోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చినయి, ఇనుప మోటలు పోయి కరెంటు మోటార్లొచ్చినయి, తోలుతో ఊరికి పని లేకుండ పోయింది. బొందలు మాత్రం పోలే. పొలం లేదు, తోలు లేదు, బొందలున్నయి. "ఇంకొకరి బొంద తవ్వుకుంట బతుకుడు నాతోని గాదు" అని మా నాయిన గడ్డపార భుజానేసుకొని పట్నం బాట పట్టిండు. వెనుక మా అవ్వ, నేను, తమ్ముడు. నాకు అప్పుడు పదిహేనేండ్లు. పదో తరగతి నడిమిట్ల పేరు మార్పించుకొని సర్కారు బడిల చేరిన.

నాయినకు జీడిమెట్లల ఒక ఫ్యాక్టరీ కాడ లోడింగ్ పని దొరికింది. ఇల్లు మాత్రం దొరకలేదు. ఒక్క ఆదివారం ఏడు ఇండ్లు తిరిగినం. ప్రతి గేటు కాడ మొదలు అడిగేది ఎంతమంది అని. రెండోది ఏం పని చేస్తరని. మూడోది మెల్లగ అడుగుతరు, "మీరేమోళ్లు?" మా నాయిన మూడు ఇండ్ల కాడ ఉన్నదున్నట్టు చెప్పిండు. మూడు ఇండ్లూ అప్పటికప్పుడే ఎవరో బంధువులకు మాటిచ్చిన ఇండ్లయిపోయినయి. మిగిలిన నాలుగింటికాడ "కూలి చేసుకునెటోళ్లం సారూ" అన్నడు. ఆ జవాబుకు అర్థం వాళ్లకు తెలుసు.

ఎనిమిదో ఇంటాయన మా నాయినను కాదు, ఆయన భుజం మీది గడ్డపారను చూసిండు. "వడ్డెరోళ్లా?" అన్నడు. నాయిన ఏమనలేదు. ఆయనే తల ఊపుకొని, నెలకు రెండు వందల యాభై, నెల అడ్వాన్సు అన్నడు. ఆ రాత్రి మా అవ్వ అడిగింది, "అబద్ధమాడినవా?" అని. "ఆయన అనుకున్నడు, నేను ఊకున్న" అన్నడు నాయిన. ఆ ఊకునుడు మీద మేం ఏడు నెలలు బతికినం.

తర్వాత ఎన్నో ఏండ్లకు నేను అంబేద్కర్ రాసుకున్న 'వీసా కోసం ఎదురుచూపు' చదివిన. 1917లో ఆయన అమెరికా, లండన్ చదువుల తర్వాత బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఊళ్లో ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని గుంపు వచ్చి, నువ్వెవరు అని అడిగింది. సాయంత్రంలోగా ఖాళీ చేయాలని చెప్పింది. అంత చదువు చదివినాయన సామాను మోసుకొని రోడ్డున పడ్డడు. ఆ పేజీల కాడ నేను పుస్తకం మూసిన. మా నాయిన ఊకున్న ఊకునుడు ఎంత పాతదో అప్పుడు తెలిసింది.

ఆ ఇల్లు వాలు నేల మీద కట్టింది. ముందు దిక్కు నేల ఎత్తు, వెనుక దిక్కు పల్లం. మామూలుగ అయితే పల్లం దిక్కు పునాది గోడలు లేపి, లోపల మొరం కొట్టి, నీళ్లు పట్టి, దిమ్మిస వేసి నింపుతరు. ఓనరు ఆ ఖర్చు మిగుల్చుకున్నడు. గోడల మీద దూలాలేసి స్లాబు పోయించిండు. అట్ల వెనుక అర్రల కింద మూడడుగుల ఎత్తు సందు మిగిలింది. పక్క గోడకు చిన్న తలుపంత కంత. లోపల పాత సెంట్రింగ్ కర్రలు, తేళ్లు, ఎలుకలు. మనిషి పాక్కుంట పోవాలె, కూసుంటే తల తాకుతది. ఓనరు దాన్ని కింది సందు అనేటోడు. మేం పొక్క అన్నం.

జనవరిల ఓనరు ఒక మాట తెచ్చిండు. పొక్కను మనిషెత్తు లోతు చేస్తే గది అయితది, కిరాయికి ఇచ్చుకోవచ్చు. "నువ్వు తవ్వు. తవ్వినన్ని రోజులు కిరాయి వద్దు, ఆ మీద రెండు నెలలు కూడ వద్దు" అన్నడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆయన మాట, మా గడ్డపార.

కిరాయిదారు తానుండే ఇంటి కిందే తవ్వాలె. నిద్రపోయే తావు కింద గుంత. దీంట్లో ఎంత పనుందో చదువుకున్న మిత్రులకు లెక్క చెప్పాలె. పొక్క పొడుగు పదహారడుగులు, వెడల్పు పదమూడు. మా నాయిన మొత్తం తవ్వలేదు. మూడు దిక్కుల గోడ వెంబడి అడుగున్నర, వెనుక దిక్కు రెండున్నర అడుగులు మట్టిని ముట్టకుంట వదిలిపెట్టిండు. నడుమ పన్నెండు, పది మిగిలింది. నాలుగడుగుల లోతు. అంటే 480 ఘనపుటడుగుల మొరం. తవ్విన మట్టి పొంగుతది, ఆరు వందలయితది. ఒక తట్టకు అరడుగు లెక్కన పన్నెండు వందల తట్టలు. తట్ట ఇరవై కిలోలు. ఇరవై నాలుగు టన్నుల నేలను మా అవ్వ, నేను ఆ కంతల నుంచి బయటికి తెచ్చినం.

మూడడుగుల ఎత్తుల గడ్డపార లేవదు. అందుకని నాయిన కంత కాడ బయట నుంచే కాలువ తీసినట్టు తీసుకుంట లోపలికి పోయిండు. కాలువల నిలబడితే నడుము సాగుతది, అక్కడి నుంచి రెండు దిక్కుల కోసుకుంట పోవచ్చు. ఆ కాలువ కోసే మొదటి పదిరోజులు మాత్రం పక్కమీద పండుకొని తవ్విండు. పొట్టి గడ్డపార కొలిమికాడ కొట్టించుకున్నడు. కిరసనాయిలు దీపం పొగ, మట్టి దుమ్ము, తడి వాసన. ఫ్యాక్టరీ పని దిగి వచ్చి రాత్రి తొమ్మిది దాకా, ఆదివారం పొద్దంతా. పైన ఓనరు ఇంట్ల రేడియో మోగేది. కింద మా నాయిన దగ్గు వినబడేది.

తవ్వుడు ఒక విద్య అని నాకు ఆ పొక్కలనే తెలిసింది. ఇల్లు పునాది మీద నిలబడితే, పునాది దాని కింద, పక్కన ఉన్న కదలని మట్టి మీద నిలబడతది. ఆ గోడలకు రాతి పునాది మూడడుగులే. మనం నాలుగడుగులు దిగుతున్నం. పునాది అంచు దాకా నిట్టనిలువున కోస్తే బరువుకు దాని కింది మట్టి గుంతలకు జారుతది, మట్టి వెంట గోడ వస్తది. "గోడకు కాళ్లుంటయి. కాళ్ల కింది మట్టి తియ్యద్దు" అనేటోడు నాయిన. అందుకే చుట్టూ అరుగు లెక్క మట్టిని విడిచిపెట్టి, దాని ముఖానికి రాతికట్టు కట్టిండు. ఒక దిక్కు పూర్తిగ కట్టినంకనే ఇంకో దిక్కు కోసిండు. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల ఇదే చెప్తరు. మా నాయినకు లంద గుంత చెప్పింది.

ఒక మూల బండ తగిలింది. హైదరాబాదు నేలంతా అంతే, పైన మొరం, కింద కోట్ల ఏండ్ల గ్రానైటు. దాన్ని వదిలేసిండు. మా తమ్ముడు దాని మీద కూసుండి ఎక్కాలు చదివేటోడు.

మార్చిల ఓనరు లోపలికి తొంగిచూసి, అరుగు తీసెయ్యమన్నడు. గది ఇరుకయింది, పదహారు పదమూడు మొత్తం గావాలె అన్నడు. నాయిన తలొంచుకునే మనిషి. ఆ రోజు తలెత్తిండు. "తియ్య సారూ. పైన మీ పిల్లలు పండుకుంటున్నరు, పక్కన నా పిల్లలు పండుకుంటున్నరు" అన్నడు. ఓనరు గొణుక్కుంట పోయిండు. ఆయనకు తన ఇల్లు ఎట్ల నిలబడ్డదో తెల్వదు.

వెనుక దిక్కు రెండున్నర అడుగులు ఎందుకు విడిచిండో కూడ చెప్పాలె. అటు మట్టి నల్లగ, తడిగ ఉండె. వాసన వచ్చె. గోడకవతల సెప్టిక్ ట్యాంకు ఉండె, అది కారుతున్నది. నాయిన ఓనరుకు ఆ రోజే చెప్పిండు. "సరే సూద్దాం" అన్నడాయన.

మే నెల చివరికి గది తయారయింది. మొత్తం అయిదు నెలలు. నేను పదో తరగతి పాసయిన. ఇంటర్‌ల చేరాలంటే కులం సర్టిఫికెట్ గావాలె. దరఖాస్తు పెట్టుకుంటే విచారణకు ఒక మనిషి వచ్చిండు. తన పని తాను చేసిండు. గేటు కాడ నిలబడి, "ఇక్కడ కిరాయికుండే మాదిగోళ్లు ఎవరు?" అని గట్టిగ అడిగిండు. మా అవ్వ బట్టలు ఆరేస్తున్నది. చేతుల బట్ట చేతులనే ఉండిపోయింది.

నా చదువుకు అవసరమయిన కాగితమే మా ఇల్లు ఊడగొట్టింది. కానీ నేను చెప్పాలనుకున్న సంగతి ఇల్లు ఊడటం కాదు. ఓనరు ఆ సాయంత్రం మమ్మల్ని వెంటనే పొమ్మనలేదు. నాయినను పిలిచి, మెట్ల కింద నిలబెట్టి, మునుపు "నువ్వు" అన్న నోటితోనే "ఏందిరా" అని మొదలుపెట్టిండు. "ముందే చెప్తే అయిపోయేది గదరా. ట్యాంకు నిండి కారుతున్నదని నువ్వే అంటివి. దిగి ఎత్తిపొయ్యి. ఆరు నెలల కిరాయి బాకీ పదిహేను వందలు అండ్ల కొట్టేస్త" అన్నడు.

మిత్రులారా, ఈ మాటను మెల్లగ చదవండి. నిన్నటిదాకా ఆ చేతులే, ఆ గడ్డపారే, ఆ ఇంటి కిందే. వడ్డెర అనుకున్నన్ని రోజులు ఆయన మా నాయినకు మొరం గుంత చూపించిండు. మాదిగ అని తెలిసిన గంటకు పెంట గుంత చూపించిండు. కిరాయి మాఫీ అన్న మాట బాకీ అయిపోయింది. మనిషి మారలే, పనితనం మారలే, గుంత మారింది. ఏ కులం ఏ గుంతల దిగాలెనో ఈ దేశం ముందే కొలిచి పెట్టింది.

ఇది వడ్డెరలకు మాకూ మధ్య తగాదా కాదు. బావులు తవ్వి, బండలు కొట్టి, చెరువు కట్టలు పోసిన వాళ్ల చెమటకూ ఈ నేల మీద లెక్క లేదు. కానీ గడ్డపార చూసి వాళ్లకు తెరుచుకునే గేటు మాకు మూసుకుంటుందన్నది కూడా నిజమే. ఆ తేడాను దాచిపెట్టి కూలీలందరం ఒక్కటే అనడం సులభం. తేడా ఒప్పుకున్నాకనే ఒక్కటవుతాం.

నాయిన దిగలేదు. "మొరం తవ్విన, పైసలియ్యకపోతివి. సరే. అండ్ల మాత్రం దిగ" అన్నడు. జులై మొదటి వారంల, వానల సామాను రిక్షా మీదేసుకొని షాపూర్‌నగర్ దిక్కు బస్తీల మావోళ్ల గుడిసెల మధ్య పడ్డం. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి, గోనెసంచులల్ల కుక్కి కాలువల పారేసిన వార్త వచ్చింది. బస్తీల పేపరు నేను చదువుతుంటే నాయిన విని, "మనం సామానుతోని బయటపడ్డం" అన్నడు. అంతే అన్నడు.

దిగనన్న ఆ ఒక్క మాటతో మా నాయిన బతికిండేమో అని ఇప్పుడు అనిపిస్తది. మూత తీసిన సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. రెండోది గట్టిగా పేరుకుంటే కొన్ని శ్వాసల్లోనే మనిషి కూలిపోతాడు. ముక్కు ముందే మొద్దుబారుతుంది కాబట్టి వాసన కూడా హెచ్చరించదు. పడ్డవాణ్ని తీయబోయి దిగిన అన్నో, తమ్ముడో కూడా అక్కడే పడిపోతాడు. ఒక్కో ట్యాంకు దగ్గర ఇద్దరు ముగ్గురు చనిపోయిన వార్తలు అందుకే చదువుతుంటాం.

మనకు చట్టాలు లేవా? ఉన్నాయి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, సెక్షన్ 4, అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనీయకుండా అడ్డుకోవడం నేరమని చెప్పింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా ఆ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన తొమ్మిదేళ్లకు మా నాయిన సుచిత్రలో ఇరవై నాలుగు టన్నుల నేలను ఊరికే తవ్విండు. ఆయనకు ఆ తీర్పు తెలియదు. ఓనరుకు తెలియాల్సిన అవసరం రాలేదు.

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, రక్షణ లేకుండా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషుల్ని దింపడాన్ని కూడా నిషేధిస్తూ 2013లో ఇంకొక చట్టం వచ్చాయి. రెండోది ఊరికే రాలేదు. కోలార్ బంగారు గనుల బస్తీలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో నిలబడిన ఎస్.ఆర్. శంకరన్, పేర్లు బయటికి రాని వందలమంది సఫాయి ఆడవాళ్లు పోరాడితే వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. చచ్చినాక ఎంత ఇవ్వాలో పెరిగింది. దింపడం మాత్రం ఆగలేదు.

మా సుచిత్ర చరిత్రను ఎవరన్నా రాస్తే రోడ్డు వెడల్పు, ఫ్లై ఓవరు, గజం ధర రాస్తారు. దగ్గర్లోనే ఫాక్స్‌సాగర్ ఉంది, నిజాం కాలంలో 1897లో కట్టిన చెరువు. దాని పేరులో ఉన్నది తెల్లదొర. కట్ట పోసినోళ్ల పేర్లు కట్ట మట్టిలో కలిసిపోయాయి. మన ఊళ్లలో చెరువు తూము ఎత్తి దించే నీరటి పని చాలా చోట్ల దళితులదే.  2020 అక్టోబరు వానలకు ఆ చెరువు పొంగి కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లల్లో నానాయి. నేల ఎక్కడ నీళ్లు తాగుతుందో తెలిసిన వాళ్లను అడిగి కట్టిన కాలనీలు కావు అవి.

నాయిన 2009లో పోయిండు. అవ్వ ఉన్నది. మట్టి మోసిన మెడ ఇప్పటికీ ఎడమకు తిరగదు. నేను చదువుకున్న, పంతులునయిన. రెండేండ్ల కింద సుచిత్ర దిక్కే కిరాయి ఇంటికి తిరిగిన. ఇప్పుడు "మీరేమోళ్లు" అనరు. "వెజ్జా, నాన్‌వెజ్జా?" అంటరు. ఇంటి పేరడుగుతరు. సొంతూరు అడిగి, ఊర్ల ఏ దిక్కు అని అడుగుతరు. గేటుకు రంగు మారింది.

ఆ తిరుగుడులనే పాత ఇంటి ముందు నిలబడ్డ. పైన ఇంకో అంతస్తు లేచింది. మేం తవ్విన గదిల జిరాక్సు దుకాణముంది. కంతను పెద్ద తలుపు చేసిండ్రు. లోపలికి పోయిన. చుట్టూ అరుగు అట్లనే ఉంది, మీద టైల్సు పరిచి కాగితం కట్టలు పెట్టుకున్నరు. మూలకు బండ కూడ ఉంది, దాని మీద నీళ్ల క్యాను. దుకాణపు పిల్లగాడు అన్నడు, "ఈ అరుగుతోని జాగ మొత్తం పోతున్నది సార్. తీసేస్తమంటే ఓనరు ఒప్పుకుంటలేడు. ఇంజనీరొచ్చి చూసి, ముట్టుకుంటే ఇల్లు కూలుతదని చెప్పిండట."

"అరుగు గాదు తమ్మీ, అవి గోడ కాళ్లు" అన్న. "మా నాయిన తవ్విండు ఈ గది." పిల్లగాడు నమ్మినట్టు లేడు. నేను కులం కాగితాల జిరాక్సులు రెండు తీయించుకొని, నాలుగు రూపాయలిచ్చి బయటికొచ్చిన.

విద్యార్థి మిత్రులు నన్ను అడుగుతుంటారు, దళితుల చరిత్రకు ఆధారాలెక్కడున్నయి, శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు అని. మీరున్న హాస్టలు కింద ఉన్నయి. మీ కాలేజీ సెల్లారు కింద, మెట్రో స్తంభాల కింద, పాలమూరు కూలీలు తవ్విన ప్రాజెక్టుల కింద ఉన్నయి. మీ అవ్వను, మీ నాయినను కూసుండబెట్టి అడగండి. ఎక్కడ తవ్విండ్రు, ఎన్ని అడుగులు, ఎన్ని తట్టలు, ఎవరు పైసలెగ్గొట్టిండ్రు, ఎక్కడ దిగనన్నరు. కొలతలతో సహా రాయండి. ఓనరు దగ్గర ఇంటి కాగితముంది. మన దగ్గర పన్నెండు వందల తట్టల లెక్క ఉంది. ఆ లెక్క ఇవాళ ఇక్కడ రాసి పెడుతున్న.